తుప్పు సైలెన్సర్‌తో ముదగల్ దాకా

శక్తినగర్ కాలనీలో మోటారుసైకిలుకు తుప్పు పట్టకూడదనుకుంటే దాన్ని కొనకుండా ఉండటమొక్కటే దారి అని మా ఇరుగుపొరుగంతా అంటారు. గాలి ఇటు తిరిగిన రోజున థర్మల్ ప్లాంటు సన్నటి బూడిద ఆరేసిన బట్టల మీదా, అప్పడాల మీదా ఒకే తీరున పడుతుంది. చినుకు తగిలిందా, గచ్చులా అంటుకుంటుంది. మా ఆయన బండి సైలెన్సర్ కూడా ఆ బూడిదకే పోయిందని నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నానా? వర్షాకాలమంతా ఆయన్ని సాధించాను. "వారానికోసారి పాత ఇంజనాయిలు గుడ్డతో తుడవ చాతగాని మనిషికి బండెందుకు?" అనేదాన్ని. "తుడుస్తనే ఉన్న గద, ఇంకెట్ల తుడవాలె?" అని గొణుగుతూ ఆయన డ్యూటీకి వెళ్ళిపోయేవారు. ఇంటి నుంచి ప్లాంటు గేటుకి, గేటు నుంచి ఇంటికి. ఆ బండి అంతకు మించి తిరిగింది లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సైలెన్సర్ కింద, వెనక వైపు, పెసరగింజంత బెజ్జం ఒకటి ఉండేది. పొద్దున బండి స్టార్టు చేస్తే అందులోంచి నల్లనీళ్ళు సరిగ్గా నా ముగ్గు మీద చుక్కలు పడేవి. తుప్పుకే బెజ్జం పడిందనుకున్నాను. పైపులకు పెట్టే సీలు తెచ్చి, రెండు ముద్దలూ కలిపి పిసికి, బొటనవేలితో అదిమి మూసేశాను. ఎవర్నీ అడగలేదు. అడగడం కన్నా చెప్పడమే నాకు అలవాటు.

ఏడాది తిరిగేసరికి సైలెన్సర్ అడుగు పొరలు పొరలుగా ఊడి, బండి ట్రాక్టరులా అరవడం మొదలుపెట్టింది. రాయచూరు మెకానిక్కులు ఈ పాత మోడల్‌కి కొత్తది దొరకదన్నారు. ముదగల్‌లో మా పెద్దమ్మ కొడుకు మల్లేశానికి గ్యాస్ వెల్డింగు షాపుంది. "ఇప్పి పంపియ్యక్కా, నేను సూస్త" అన్నాడు. మా ఆయన ఆదివారం తీసుకెళ్తానన్నారు. "ఆదివారం దాక ఆగితె కాలనీవాళ్ల చెవులుంటయా?" అని నేనే బయల్దేరాను.

బుధవారం పొద్దున ఆరున్నర బస్సుకి రాయచూరు చేరి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఏడూ ముప్పావుకి ముదగల్ బస్సెక్కాను. ఎర్రంచు గద్వాల చీర, భుజాన సంచీ, చంకలో పాత దుప్పటి చుట్టిన సైలెన్సర్. కండక్టర్ చూసి, "ఏన్రీ అక్కా, వీణెయా?" అని కన్నడంలో అడిగి నవ్వాడు. మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం. అయినా లగేజీ టికెట్ కొట్టబోయాడు. నేను ఊరుకుంటానా?

"నేను ఫ్రీ అయితె నా చేతుల సామాను ఫ్రీ కాదా?"

"నీవు ఫ్రీ అక్కా. ఇదు గండసు. మగ సామానుకి టికెట్ ఉంటది."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి టికెట్ తీసుకున్నాను. ఆ పూట నేను మర్యాదగా ఓడిపోయింది ఆ ఒక్కసారే.

నాకు వెనక చక్రం మీది సీటు దొరికింది. సైలెన్సర్‌ని సీటు కిందికి తోశాను. ముందు గొట్టం చక్రం గుబ్బ మీద, తోక ముందు సీటు కింద. ఇలాంటి సామానుతో ప్రయాణం చేసేవాళ్ళు ఆ సీటు మాత్రం తీసుకోకండి. ఎందుకో చెబుతాను.

ముందు సీట్లో కిటికీ పక్కన ఇరవై రెండేళ్ళ పిల్ల కూర్చుంది. పేరు మంజుల. కల్మల దాటేలోపే వివరాలన్నీ లాగేశాను. రాయచూరు పిల్లే, మన తెలుగువాళ్ళే. నర్సింగు చదివింది. ముదగల్‌కి ముందొచ్చే లింగసుగూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు పదకొండింటికి యూనిఫారంతో వచ్చి కనబడమన్నారు. ఒక్క ఖాళీకి ఇద్దర్ని పిలిచారు.

"యూనిఫారం ఏస్కొని రాలేదేంది?"

"నలుగుతదక్కా. రాత్రే ఇస్త్రీ చేయించిన. ఆడికి పోయినంక ఏస్కుంట." కాళ్ళ దగ్గరున్న గుడ్డ సంచీని తడిమి చూపింది. "తీస్కుంటె మా చిన్నమ్మ ఇంట్ల ఉండిపోత. లేకుంటె సాయంత్రం బస్సుకు వాపస్."

"వాపస్ మాట నోట్లకు రానియ్యకు. గట్టిగ మాట్లాడు. తల దించుకుంటె ఎవరు ఇయ్యరు ఉద్యోగం" అని అడక్కుండానే బోధించాను. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

సిరవారం దాటాక రోడ్డు గతుకులు. తొమ్మిదింపావుకి కవితాళలో బస్సు పది నిమిషాలు ఆగింది. నేను టీ తాగి ఎక్కేసరికి మంజుల సంచీని ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది. తెల్ల యూనిఫారం బయటికి తీసింది. ముందు భాగంలో, నడుం దగ్గర, అరచేతి కన్నా పెద్ద మరక. మధ్యలో నలుపు, చుట్టూ ఇటుక రంగు.

"అక్కా, మీ సామానుల నుంచి ఏందో కారింది."

మెల్లగానే అంది. నాకు మాత్రం చురుక్కుమంది.

"ఏం కారుతది? అది ఇనుప గొట్టం. రెండు దినాలు ఎండల పెట్టిన, నా చేతులతోని తుడిచిన. నీ సంచిల టిఫిన్ డబ్బ ఉన్నట్టుంది సూడు. పులుసో పప్పో కారి ఉంటది. కారింది నీ డబ్బ, పేరు నా సామానుదా?"

పక్క వరసలో రుమాలు చుట్టుకున్న పెద్దాయన తలూపాడు. "నిజమే గదమ్మా. పెద్దామె, అబద్ధమాడుతదా? నీ డబ్బ సూస్కో ముందుగాల." వెనక ఎవరో ఆడమనిషి, "ఈ కాలం పోరీలకు పక్కోళ్ల మీదికి నూకుడే" అంది. నా గొంతు పెద్దది, మాట సూటిది. బస్సు నా వైపుకి వచ్చేసిందని నాకు తెలుస్తూనే ఉంది. అలా తెలిసినప్పుడు ఆగడం నాకు రాదు.

"డబ్బల తడిది ఏం లేదక్కా."

"లేకుంటె తెరువు. అందరు సూస్తరు."

తెరిచింది. రెండు జొన్న రొట్టెలు నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. పక్కన కాగితం పొట్లంలో పల్లీల పొడి. సగం ఉల్లిగడ్డ. మరకకి కావలసిన తడి కాదు కదా, గొంతు దిగడానికి కావలసిన తడి కూడా ఆ డబ్బాలో లేదు. ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా లేచి, మెడలు చాచి, ఆ పిల్ల మధ్యాహ్నం తిండి చూశారు.

అక్కడైనా ఆగొచ్చు. ఆగలేదు. "అయితె నీళ్ల సీసా సూడు" అన్నాను.

ఆమె డబ్బా మూత పెట్టింది.

బస్సు కదిలింది. ఊరి చివర హంప్ ఎక్కి దిగింది. నా కాళ్ళ కింద చల్లగా తగిలింది. వంగి చూస్తే నల్లటి నీళ్ళు నా చెప్పుల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ ముందుకి పారుతున్నాయి. దుప్పటి ఎప్పుడో తడిసి ముద్దయిపోయింది. కండక్టర్ వచ్చి సైలెన్సర్‌ని బయటికి లాగి తోక కిందికి వంచాడు. గ్లాసుడు నీళ్ళు, తుప్పు పొరలతో సహా, భళ్ళున పడ్డాయి. వాటితోపాటు గోళీ అంత ముద్ద ఒకటి దొర్లి ఆయన బూటు దగ్గర ఆగింది.

"ఇదేన్రీ?" అని నా అరచేతిలో పెట్టాడు. నేను పెట్టిన సీలు. దాని చుట్టూ ఇనుము పుచ్చిపోయి ఊడింది. దాని మీద నా బొటనవేలి గీతలు దిద్దినట్టు ఉన్నాయి. బూడిద కాదు, వాన కాదు, మా ఆయన బద్ధకమూ కాదు. లోపలి నీళ్ళు బయటికి పోవడానికి కంపెనీవాడు పెట్టిన దారిని నేనే మూశాను. ఏడాదిగా ఆ నీళ్ళు ఇనుమును లోపల్నుంచి తిని, ఇవాళ ఈ పిల్ల బట్టల మీద కారాయి.

రుమాలు పెద్దాయన నా వైపు చూడకుండా కిటికీతో అన్నట్టు అన్నాడు: "నోరున్నోళ్లదే రాజ్యం."

మంజుల వెనక్కి తిరగలేదు. ఆమె జడ పక్కన చెవి మాత్రం ఎర్రగా కనిపించింది. లింగసుగూరు వరకు దాదాపు గంటసేపు నేను ఆ చెవినే చూశాను.

పదింపావుకి ఆమె వెనకే దిగాను. ఎదురుగా ఉన్న హోటలాయన్ని అడిగి రెండు నిమ్మకాయలూ, గుప్పెడు ఉప్పూ తెచ్చి, కుళాయి దగ్గర కూర్చుని మరక రుద్దాను. ఇటుక రంగు చాలా వరకు పోయింది. బట్ట మీది తుప్పుకి నిమ్మా ఉప్పూ పనికొస్తాయి. పొగమసికి మాత్రం పనికిరావు. నలుపు బూడిదరంగై, మొదటి కన్నా వెడల్పుగా పరుచుకుంది. కొత్తది కొందామంటే నర్సు యూనిఫారం ఆ ఊళ్ళో కుట్టిస్తే తప్ప దొరకదట. ఆమె తడి బట్టలే బస్టాండు బాత్రూములో వేసుకొచ్చింది.

"నేను వస్త. మీ పెద్ద నర్సుకు నేనే చెప్త, తప్పు నాది అని. ఒప్పుకోకుంటె ఎట్లుంటదో సూపిస్త."

మంజుల మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "వద్దక్కా. మీరు మాట్లాడితె వాళ్లు ఓడిపోతరు. ఓడిపోయినోళ్లు నాకు ఉద్యోగమిస్తరా?"

సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నేను సైలెన్సర్ పట్టుకుని కుళాయి దగ్గరే నిలబడ్డాను.

పదకొండున్నర బస్సులో ముదగల్ చేరాను. షాపు కోట దారిలోనే ఉంది. కోట చూడటానికి వెళ్ళేవాళ్ళకి దారి సులువు, నాకు ఆ రోజు తలెత్తి చూసే మనసు లేదు. మల్లేశం నోరు నా నోటికి తీసిపోదు. మేమిద్దరం ఒకే ఇంటి వాళ్ళం.

"బెజ్జం ఎవరు మూసిన్రు? బావనా?"

"నేనే."

పడీ పడీ నవ్వాడు. "నయం, బావ ముక్కు మూయలే!" నవ్వుతూనే పని మొదలుపెట్టాడు. పుచ్చిన అడుగు కోసేసి, లోపలి పొరలు దులిపి, రేకు ముక్క పెట్టి అతికాడు. తీగ బ్రష్‌తో మెరిసేదాకా తోమి, వేడికి ఆగే నల్లరంగు కొట్టి, మంట చూపించి ఆరబెట్టాడు. బెజ్జం మళ్ళీ పొడిచాడు. ఇంజను పొగలో ఆవిరి ఉంటుందట. బండి దూరం పోతే సైలెన్సర్ కాగి అది ఎగిరిపోతుంది, గేటు దాకా పోయి ఆగితే నీళ్ళయి లోపలే కూర్చుంటుంది. కాబట్టి వారానికోసారైనా రాయచూరు దాకా తోలాలి. బండి కడిగాక కాసేపు ఇంజను తిప్పాలి. తడి బండి మీద ప్లాస్టిక్ కప్పు వెయ్యకూడదు. ఇవన్నీ చదివేవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను. మల్లేశం వాళ్ళావిడ పెట్టిన పుండికూర, అదే గోంగూర, రొట్టెతో తిన్నాను. రెండో రొట్టె మడత విప్పి, మళ్ళీ అలాగే మడిచి పెట్టేశాను.

నాలుగున్నరకి తిరుగు బస్సు. ఐదూ పదికి లింగసుగూరు. సైలెన్సర్ పక్క సీట్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మంజుల ఎక్కకపోతే ఉద్యోగం వచ్చినట్టు. ఎక్కేవాళ్ళందరినీ చూశాను. బడి పిల్లలు ఎక్కారు, పత్తి కూలీకి వెళ్ళిన ఆడవాళ్ళు ఎక్కారు. ఆమె లేదు. డ్రైవరు గేరు వేశాడు. బస్సు బస్టాండు గేటు దాటింది. చిన్నమ్మ ఇంట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉంటుందనుకున్నాను.

ఎవరో వెనకనించి బస్సు డొక్క మీద చరిచారు. ఆగింది. మంజుల ఆయాసపడుతూ ఎక్కింది.

ఖాళీగా ఉన్నది నా పక్కన ఒక్కటే. సైలెన్సర్ ఒళ్ళోకి తీసుకుని, కిటికీ వైపు ఆమెకి వదిలాను. కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆమే చెప్పింది.

"ఇంకొకామెను తీస్కున్నరు. ఖాళీ వస్తె ఫోన్ చేస్తమన్నరు. మరక ఎట్లయిందని అడిగిన్రు."

"ఏం చెప్పినవ్?"

"నా టిఫిన్ డబ్బ కారిందన్న."

"అట్లెందుకు చెప్పినవ్? నాది అని చెప్పాలె గద!"

"బస్సుల సైలెన్సర్, దాంట్ల నీళ్లు అంటె ఎవరు నమ్ముతరక్కా?" ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అలసట ఉంది. "డబ్బ అంటె నమ్ముతరు. పొద్దున మీరనంగనే బస్సంత నమ్మింది. వాళ్లు గూడ నమ్మిన్రు. డబ్బ సరిగ మూసుకోరానిది మందుసీసాలేం సూస్కుంటదన్నరు."

ఈ దారిలో రోడ్డు ఫరవాలేదు, బస్సులు వేళకి ఉన్నాయి, ముదగల్‌లో పని చక్కగా జరిగింది. వెళ్ళిరావచ్చు. నేను మాత్రం ఆ రెండు గంటలూ క్షమాపణకి ఒక్క వాక్యం కూర్చుకోలేకపోయాను. కూర్చిన ప్రతిదీ వాదనలాగే వచ్చింది.

రాయచూరు ఊరు మొదట్లోనే ఆమె స్టాపు. లేచి నిలబడి, "జరగండక్కా" అంది.

ఒళ్ళోని బరువెత్తుకుని లేచాను. దారిచ్చాను.