గోడవైపు తిప్పిన బొమ్మ

మొన్న మా కోడలు నా ఫోను చూసి, నిండిపోయింది మామయ్యా, పాత ఫొటోలు తీసెయ్యండని, వేలితో ఎలా నొక్కాలో చూపించి పోయింది. గంటసేపు కూర్చున్నా ఒక్కటీ తీసెయ్యలేకపోయాను. మన కాలంలో మనిషికి ఒక్క ఫొటో ఉంటే గొప్పని మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒక్కగానొక్క ఫొటోను నేను పొయ్యిలో వేశాను.

అవి ఎమర్జెన్సీ రోజులు. నాతో కాలేజీలో చదువుతూ మధ్యలో వదిలేసి అడవిబాట పట్టిన స్నేహితుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. ఎదురుకాల్పులని పేపర్లో రెండు వాక్యాలు వచ్చాయి. మేముండే మట్టెవాడలో ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని తెలియగానే, మేమిద్దరం భుజాల మీద చేతులేసుకుని దిగిన ఫొటోను కాల్చేశాను. వారం తిరక్కుండా వాళ్లమ్మ నర్సంపేట అవతలి పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, కొడుకు మొఖం చూసుకుందామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదని, నా దగ్గరున్నది ఇమ్మని అడిగింది. పోలీసులు పట్టుకుపోయారని అబద్ధం చెప్పాను.

తర్వాత నాకోసమూ వెతుకుతున్నారని విని సూరత్ పారిపోయి, చీరల అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే కార్ఖానాలో చేరి, ఏళ్ల తరబడి పూలూ మామిడి పిందెలూ చెక్కాను. చేతికి ఉలి బాగా అలవాటయ్యాక, పేపరు చూపించని వాడి మొఖాన్ని నేనైనా చూపించాలని, మిగిలిన టేకు ముక్కల మీద చెక్కడం మొదలుపెట్టాను. నుదురు కుదిరితే నవ్వు కుదిరేది కాదు, ఎన్ని ముక్కలు పాడు చేశానో! చివరికి కుదిరినదాన్ని అక్కడ పతంగులు కట్టే పల్చటి తెల్ల కాగితం మీద నల్లగా అచ్చు తీసి, మా వైపు ఎనుమాముల మార్కెట్టు నుంచి పత్తి తెచ్చిన లారీ డ్రైవరు చేతికిచ్చి ఆమెకు పంపాను. నేను పంపానని చెప్పమన్నాను గానీ, ఉత్తరం రాసే ధైర్యం లేకపోయింది.

ఎనభైల్లో తిరిగొచ్చి ఆ ఇంటికి వెళ్తే, బొమ్మ గోడకే ఉంది, కానీ అచ్చు పడిన పక్కను గోడవైపు తిప్పి అతికించారు. నా అబద్ధం తెలిసిపోయి నా పనితనాన్ని అవతలికి తిప్పేసిందనుకుని, ఆమె కాళ్ల దగ్గర కూలబడి, ఫొటో నేనే కాల్చానని చెప్పేశాను. ఆమె గోడమీది బొమ్మకేసి చేయి చూపించి, "నువ్వు పంపిన దాంట్ల మచ్చ ఎడమ చెంపకున్నది కొడుకా, మావోనికి కుడి దిక్కు గదా. ఇట్ల తిప్పి పెడితే అచ్చం వాని లెక్కనే కనపడుతాండు" అంది.

అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయని తెలియనివాణ్ణి కాదు. ఏళ్లుగా పూలు చెక్కీ చెక్కీ మరిచాను; పూలకు కుడేమిటి, ఎడమేమిటి? పల్చటి కాగితం వెనకనుంచి వాడు సరిగ్గా వాడిలాగే నవ్వుతున్నాడు. ఫొటో కాల్చినందుకు ఆమె ఒక్క మాటా అనకుండా చాయ్ పెట్టడానికి లేచింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆమె లేదు, ఆ ఇల్లూ లేదు, ఆ కాగితం ఏమైందో తెలియదు. ఇవాళ్టి పిల్లలకు మొఖం తీయడమూ తీసెయ్యడమూ ఒకే వేలి పని, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కోడలు మళ్లీ అడిగితే మాత్రం, ఆ పని నాతో కాదమ్మా, ఒకసారి చేశానని చెప్పాలి.