కత్తెరకు లొంగని పిలకలు

“నీకు చెట్టు కావాలా, ఇల్లు కావాలా? రెండూ మాత్రం కుదరవమ్మాయ్.”

ఇంటి ఓనరు గోడ అవతల నిలబడి టైలరమ్మని అడిగాడు. చెట్టు పోతే ఆ ఇల్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మిషను ఉన్న ముందుగది రేకుల గది, అదీ పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటాక ఆ రేకుల మీద నీడ పడుతోందంటే వాకిట్లోని ఆకాశమల్లె పుణ్యమే. వెనక గదికి మారదామంటే అక్కడ నైట్ డ్యూటీ మొగుడు పగలంతా పడుకుంటాడు. మిషను చప్పుడైతే లేస్తాడు, లేస్తే టీ అడుగుతాడు.

నిజానికి గొడవ చెట్టుతో కాదు, దాని పిలకలతో. ఆకాశమల్లె పైకి బుద్ధిమంతురాలిలా నిటారుగా నిలబడి పూలు రాలుస్తుంది. కింద మాత్రం ఎవరినీ అడక్కుండా వేళ్లు చాపుకుంటూ పోతుంది. ఆ వేళ్లు గోడ కింద దూరి, ఓనరు కొత్తగా వేయించుకున్న సిమెంటు వాకిట్లో పిలకలై తలెత్తాయి. మొదటి పగులు వెంట్రుకంత. నెల తిరిగేసరికి అందులో చిటికెన వేలు పట్టింది.

టైలరమ్మకి ఊరుకోవడం చేతకాదు. మిషను ఆపినా కాలు ఆగదు. అన్నం తింటున్నా పీట ముందు పాదం ఆడుతూనే ఉంటుంది. నలభై మూడేళ్ల బతుకులో ఇరవై ఆరేళ్లు కత్తెరతోనే గడిచాయి. బట్టల షాపువాడు మీటరు కొలిచి పర్రున చింపి ఇస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది. “కత్తెర కొనుక్కునే స్తోమత లేదా?” అని మొహం మీదే అడిగేస్తుంది. కాబట్టి పిలకలనీ కోసింది. పాత కత్తెర ఒకటి వాటికే కేటాయించి, తెల్లారగానే వంగి, నేలకి సమంగా, వంక పెట్టడానికి వీల్లేనంత నీటుగా. అటువైపు ఓనరు వాకిట్లోకీ వెళ్లి కోసొచ్చేది. చొక్కాకి చేతులు అతికిస్తూ మధ్యలో లేచి మళ్లీ చూసొచ్చేది. ఆ ధ్యాసలో ఎడమ చేయి కుడివైపు కుట్టి, విప్పుకున్న రోజులున్నాయి.

పచ్చని మొక్కని కోస్తే పాపమనీ, అవి తల్లిచెట్టు పిల్లలనీ కొందరు గిరాకీలు నీతులు చెప్పేవారు. వాళ్లలో ఎవరి వాకిలీ పగల్లేదు.

ఓనరు కరెంటు మీటర్లు చూసి రిటైరైన మనిషి. ఏదో ఒక అంకె రాయకపోతే ఆయనకి తోచదు. ఆదివారం ఆదివారం పిలకలు లెక్కపెట్టి గోడ మీద సుద్దతో వేసేవాడు. మొదట పదకొండు. తర్వాత పదిహేడు. ఆపైన ముప్పై నాలుగు. ముప్పై నాలుగు వేసిన రోజే ఆ ప్రశ్న అడిగాడు. నెలాఖరున రంపం వాళ్లొస్తారని కూడా చెప్పాడు.

రెండు రోజులకి ఆడపడుచు వచ్చింది. ఆమెది మొక్కల నర్సరీలో అంట్లు కట్టే పని. గేటు తీస్తూనే, నేల మీద వంగి ఉన్న మరదల్ని చూసింది.

“ఏంటే, చెట్టుకి గడ్డం గీస్తున్నావా?”

“నవ్వకు వదినా. అద్దె ఇల్లు వెతుక్కునేది నేను.”

“గీస్తే గడ్డం తగ్గుతుందా? మా తమ్ముణ్ణి రోజూ చూస్తూనే ఉన్నావుగా!”

వదిన పలుగు అందుకుని ఒక పిలక చుట్టూ మట్టి తోడింది. జానెడు లోతున వేరు. దాన్నుంచి లేచిన మోడు. మోడు మొదట్లో బియ్యపు గింజల్లాంటి మొగ్గలు.

“చూశావా? నువ్వు పైన ఒకటి కోస్తే కింద నాలుగు కాచుక్కూచున్నాయి. మొగ్గలతో సహా ఊడొచ్చేలా కిందికి ఒక్క గుంజు గుంజు.”

“చింపమంటావా?”

“చింపమనే అంటున్నా. తోలుతో సహా.”

గుంజింది. టైలరమ్మకి బట్టల షాపులో పర్రుమనే చప్పుడే వినిపించింది. వేరు మీద చింపిరి గాయం పడింది. ఆ అంచులు సరిచేద్దామని కత్తెర తీయబోతే వదిన ఆమె చేతి మీద ఒక్కటేసింది.

తర్వాత గోడ అవతలికి కేకేసింది. “బాబాయిగారూ, చెట్టు కొట్టించేయండి. ముందు పెట్టెడు సుద్ద కొనిపెట్టుకోండి. పైన చెట్టు పోతే వేరు ఊరుకోదు, పాకిన చోటల్లా లేస్తుంది.”

“బెదిరిస్తున్నావా?”

“మీరే లెక్కేసుకోండి. ఇటు గుంజుతాం, మీవైపు ఎప్పటిలాగే కోస్తాం. మూడు వారాలాగి చూడండి.”

లెక్క అనేసరికి ఆయన కాదనలేకపోయాడు.

ఆ మూడు వారాలు టైలరమ్మకి గండంలా గడిచాయి. గుంజిన చోట మట్టి కదపకూడదని వదిన ఒట్టు వేయించుకుంది. పొద్దున్నే బయటికొచ్చి, ఆ మట్టి వంక చూస్తూ, చీర కొంగు మెలిపెట్టుకుంటూ అటూ ఇటూ తిరిగేది. పక్కనే ఉండి ముట్టుకోకపోవడం ఆమెకి కొత్త.

మూడో ఆదివారం ఇటువైపు మూడు. అటువైపు నలభై ఒకటి. ఓనరు రెండోసారి లెక్కపెట్టాడు. నలభై ఒకటే.

“మరి నా వైపు గుంజాలంటే?”

“గోడ వెంట మూరెడు వెడల్పు సిమెంటు పగలగొట్టాలి బాబాయిగారూ,” అంది లెక్క చూడ్డానికి మళ్లీ వచ్చిన వదిన. “మళ్లీ పూడ్చకుండా మట్టిగానే వదిలేయాలి.”

ఆయన తన కొత్త వాకిలిని పాదంతో నిమిరాడు. “ఖర్చెవరిది?”

వదిన గిల్లే లోపే “నాదే” అనేసింది టైలరమ్మ.

మేస్త్రీ వచ్చి పగలగొట్టాడు. ఆమె రెండు రోజులు కూర్చుని నలభై ఒకటీ గుంజింది. అరచేతులు బొబ్బలెక్కి వారం పాటు కాజాలు కుట్టలేకపోయింది. రంపం వాళ్లు రాలేదు. పిలకలు పూర్తిగా ఆగలేదు, ఆగవు కూడా. వారానికి మూడో నాలుగో వస్తాయి. వేలెడు కాకముందే ఆమె పీకేస్తుంది, ఓనరు గోడ మీద అంకె వేస్తాడు. మధ్యాహ్నం రెండింటికి రేకుల మీద నీడ పడుతుంది.

మేస్త్రీకి సగం కూలి ఇచ్చింది. మిగతా సగం ఇంకా ఇవ్వాలి.