ఖాళీ బీరువాలో సారక్క ఎక్సరే

1974 ఎండాకాలంలో, జనగామలో వర్తకులు చందాలు వేసుకుని నడిపే ఒక ఛాతీ దవాఖానలో రికార్డు గది నాకు అప్పగించారు. అంతకుముందు అక్కడే ఊడ్చేవాణ్ణి. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిలో బళ్లు మూతపడినప్పుడు, పని లేక మా వాడకట్టులో కూర్చున్న ఒక పంతులు, ముప్పై దాటిన నాకు అక్షరాలు, అంకెలు నేర్పాడు. ఆ లొల్లిలో ఎవరికి ఏం దక్కిందో నాకు తెలియదు. నాకు మాత్రం చదువు దక్కింది, చదువు వల్ల ఈ కొలువు దక్కింది.

రికార్డు గది పని చెప్పుకోవడానికి చిన్నదే. రోగికి ఒక నంబరు. ఆ నంబరు వేసిన ఖాకీ కవరులో వాళ్ల ఎక్సరే ఫిల్ములు. బీరువా అరల అంచున తెల్లరంగుతో నంబర్లు రాసి ఉండేవి కాబట్టి ఏ కవరు ఎక్కడ ఉండాలో ఆ నంబరే చెప్పేది. ఎవరైనా కవరు తీస్తే దాని చోట తమ పేరు రాసిన చెక్కముక్క నిలబెట్టాలి. పని కాగానే కవరు తిరిగి పెట్టి, చెక్క తీసుకోవాలి. తీసిన చోటనే పెట్టాలన్నది నర్సు సుశీలమ్మ కట్టడి. ఆమె కిందివాళ్లకు చెప్పేది, డాక్టర్లకూ చెప్పేది, తనూ తప్పేది కాదు.

ముందుగదిలో బీరువా కిక్కిరిసిపోయింది. కవరు లాగితే పక్కవి చిరిగేవి. వెనక కొత్త గది కట్టించి, గోడకు ఇనుప అరలు బిగించారు. కవర్లన్నీ అక్కడికి మార్చమన్నారు. వరస చెదరకుండా, మధ్యలో నిలబెట్టిన చెక్కలతో సహా, చేతిమీద మోసి సర్దాను. ఖాళీ అయిన బీరువా చందాదారుల పెద్ద వీరేశం శేఠ్‌ది. అరువిచ్చిన సొమ్ము గనుక ఆయన మరునాడే హమాలీలను పంపి, బండి మీద తన మిర్చి దుకాణానికి తీసుకుపోయాడు. పని ముగిసిందనుకున్నాం.

పట్నం నుంచి పెద్ద డాక్టరు నెలకొకసారి పొద్దుటి రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేవాడు. మార్చిన తర్వాత ఆయన మొదటిసారి వచ్చిన రోజు తరిగొప్పుల నుంచి కొమురయ్య తన బిడ్డ సారక్కను తీసుకొచ్చాడు. సారక్క అత్తగారిది మొగుళ్లపల్లి. క్షయ అని తేలగానే అత్తగారు ఆమెను పుట్టింటికి పంపి, పాలు మరవని కొడుకును తమ దగ్గరే ఉంచుకున్నారు. రోగం పోయిందని డాక్టరు రాసిస్తేనే ఇంట్లోకి రానిస్తామన్నారు. మందుల గడువు అయిపోయింది. ఆ కాగితం కోసమే వచ్చారు.

కొత్త ఫిల్ములో కుడి ఊపిరితిత్తి పైన ఒక మచ్చ కనిపించింది. మానిన పుండు మచ్చ కూడా అలాగే ఉంటుంది, కొత్త పుండూ అలాగే ఉంటుంది. పక్కన పాత ఫిల్ము పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. పాతది తెమ్మన్నాడు డాక్టరు. అది చూడకుండా కాగితం ఇవ్వనని, దొరక్కపోతే సూదులు మళ్లీ మొదటి నుంచి వేయాలని చెప్పాడు.

వెనక గదిలో ఆమె నంబరు దగ్గర కవరు లేదు. సుశీలమ్మ పేరున్న చెక్క నిలబడి ఉంది.

"నేను వాపస్ పెట్టిన" అంది ఆమె.

"పెడితే చెక్క ఎందుకున్నది సిస్టరమ్మా?"

"ఆ ముచ్చట నన్నడుగుతవేంది? గది నీది!"

ఆమె టేబులు సొరుగులు దులిపాను. ఎక్సరే గది, మందుల గది, నా మంచం కింద కూడా వెతికాను. పక్క నంబర్ల కవర్లు ఒక్కొక్కటి విప్పి చూశాను. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సారక్క వరండాలో నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను గది బయటికి వచ్చిన ప్రతిసారీ నా చేతుల వైపు చూసేది. కొమురయ్య మాత్రం ఊరుకోలేదు.

"ఇది దవాఖాననా, పసుల అంగడా? నా దొడ్లె కోడిగుడ్డు పోతే ఇంతసేపు దేవులాడ. పిల్లగాడు అమ్మ మొకం మరిచిండు. మల్ల సూదులంటే మేం ఏడ సావాలె?"

డాక్టరు మిగిలిన రోగులను చూడడం ముగించి, గడియారం చూసుకుని, సంచీ సర్దుకుని స్టేషనుకు బయలుదేరాడు. ఆ కొత్త ఫిల్ము మాత్రం పట్నంలో మరోసారి చూస్తానని తన వెంటే పట్టుకుపోయాడు. సుశీలమ్మ ముందుగదిలో, బీరువా ఉండే చోట నిలబడి చేయి గాలిలోకి ఎత్తింది. కవరు పెట్టినట్టు పెట్టి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"రాములూ, కవర్లు మార్చిన నాడు ఆ కవరు నా దగ్గరే ఉండె. రాసుకునేదుండె. పనైనంక పెట్టిన. ఈడనే పెట్టిన. అర మీద నంబరు ఉన్నది గద! ఖాళీగున్నదని కూడ చూడలే, చేతికి అలవాటు."

ఇద్దరం ఆ ఖాళీ గోడను చూశాం. తర్వాత నేను సైకిలు అందుకున్నాను.

మిర్చి దుకాణంలో వీరేశం శేఠ్ బీరువాలో రకరకాల మిరపకాయల నమూనాలు పొట్లాలు కట్టి పెట్టుకున్నాడు. పొట్లాల కింద ఖాకీ కవరు ఉంది.

"గీ కవరు మీదేనా? ఎవలియో పక్కటెముకలు. పారేస్తే పాపమని ఉంచిన" అన్నాడు.

"దవాఖానకు కబురంపొద్దా శేఠ్?"

"ఖాళీ బీరువ ఇచ్చిన్రనుకుంటి. దాంట్ల ఎముకలేసి ఇస్తరని నాకేం ఎరుక?"

మాట పెంచే తీరిక లేదు. కవరు చంకలో ఇరికించుకుని స్టేషనుకు తొక్కాను. సుశీలమ్మ అప్పటికే తండ్రీబిడ్డలను వెంటబెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. సిగ్నలు పడింది. డాక్టరు కవరులోంచి ఫిల్ము లాగగానే మిర్చి ఘాటుకు గట్టిగా తుమ్మాడు, నన్ను తిట్టాడు, మళ్లీ తుమ్మాడు. దులిపి, రెండు ఫిల్ములనూ రెండు చేతుల్లో పట్టుకుని పడమటి ఎండకు ఎత్తాడు. దవాఖానలో లైటుడబ్బా మీద కూడా అంత సేపు చూసేవాడు కాదు. రైలు వచ్చి ఆగింది. ఆయన కదల్లేదు.

"మచ్చ పాతదే. అంతే ఉన్నది, అంచులు గట్టిపడ్డయి. మానింది" అన్నాడు.

సంచీ మీద కాగితం పెట్టి రాసిచ్చాడు. కొమురయ్య దండం పెట్టాడు. సారక్క కాగితం తండ్రికే వదిలేసి, రైలు పెట్టె ఎక్కుతున్న డాక్టరు వెనకే నాలుగడుగులు వేసింది.

"సారూ, పిలగాన్ని ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకో."

"ముద్దు పెట్టుకోవచ్చునా?"

రైలు కదిలింది. ఆయన తలుపు దగ్గర నిలబడి గట్టిగానే చెప్పాడు, పెట్టుకోమని.

మరునాడు సుశీలమ్మ, నేను కలిసి దవాఖానలో ఒక కొత్త పద్ధతి పెట్టాం. ఏది మార్చినా ముందు బయట ఉన్నవన్నీ వెనక్కి రప్పించాలి. అంతా మోశాక పాత అరల మీది నంబర్లు చెరిపి, తలుపుకు తాళం వేయాలి. ఆ తర్వాతే మార్పు పూర్తయినట్టు. చోటు మార్చామని మనుషులకు చెప్పినంత మాత్రాన వాళ్ల చేతులు మారవు. పాత నంబరు కనిపిస్తే చేయి అటే పోతుంది.

మొన్న మా కోడలు ఇంట్లో కంప్యూటరు నిండిపోయిందని, ఫోటోల ఫోల్డర్లు, కాగితాల ఫోల్డర్లు సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కు మార్చింది. వారం తిరగకుండా, ఫోను నుంచి దించిన కొత్త ఫోటోలు కనబడటం లేదని పరేషానయింది. పాత ఫోల్డరు అక్కడే ఉందా అని అడిగాను. ఖాళీదే మామా, ఉంటే ఏమైతది అంది. తెరిచి చూడమన్నాను. ఆ ఫోటోలన్నీ ఎప్పటిలాగే అందులోనే పడి ఉన్నాయి.