అన్న గోడ మీద రాసుకున్న రెండు నంబర్లు

ఐటీ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులవి. మాది మొయినాబాద్ దగ్గర సురంగల్. హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే, ఊళ్లో గులాబీ తోట చూసుకునే మా అన్నకు నా సెల్‌ఫోను నంబరు, ఆఫీసులో నా బల్ల మీది ఫోను నంబరు ఇచ్చాను. "ఒకటి ఎత్తకుంటే ఇంకోటి ఉన్నది, ఫికర్ లేదు చెల్లె" అంటూ అన్న గోడ మీద రాసుకున్నాడు.

ఒక రోజు సర్వర్ల గదిలో నా పని, డేటాబేస్ సర్వర్ల నుంచి డేటా దాచే స్టోరేజీకి వెళ్లే కేబుళ్ల అమరికలు రెండింటిని పోల్చడం. ఒక కేబుల్ తెగినా రెండోదాని మీదుగా పని నడవాలి. మొదటి అమరికలో రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి, అంటే కేబుళ్లను కలిపే ఒకే పెట్టెలోకి, వెళ్తున్నాయి. ఆ స్విచ్ పోతే రెండూ పోయినట్టే. "ఇది చూడడానికే రెండు దారులు, నిజానికి ఒక్కటే" అని రిపోర్టులో రాశాను. మేనేజరు మెచ్చుకున్నాడు.

ఆ గదిలోకి సెల్‌ఫోను తేనివ్వరు. సాయంత్రం బయటికొచ్చి చూస్తే వదిన నుంచి పదకొండు కాల్స్.

నేను చేవెళ్ల దవాఖానకు చేరేసరికి అన్న ఇక లేడు. పొద్దున తోటలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడట.

"రెండు నంబర్లకు చేసిన పిల్లా, ఒక్కటి గూడ ఎత్తలే. చెల్లె గొంతు జర వినిపియ్యుమని అడుగుతనే ఉండె" అని వదిన ఏడ్చింది.

రెండు ఫోన్లూ ఎత్తాల్సింది నేనొక్కదాన్నే. స్విచ్‌లో తప్పు పట్టినదాన్ని, పక్క బల్ల అమ్మాయి నంబరు ఇవ్వాలని నాకు తోచలేదు.

తర్వాత ఇంటికి సున్నం వేయించిన వదిన ఆ నంబర్ల మీద మాత్రం వేయనివ్వలేదు. ఇప్పటికీ వెళ్లినప్పుడల్లా నేను అవి కంటపడకుండా ఆ గోడకు వీపు పెట్టే కూర్చుంటాను.