కేకల డాక్టరుగారు

పళ్ల డాక్టరుగారికి పళ్ల డాక్టరంటే భయం.

ఈ సంగతి ఆయన బడికి వెళ్లిన ప్రతిసారీ అందరికీ తెలిసిపోయేది. పిల్లల పళ్లు చూడ్డానికి ముందు తానే ఒకటో తరగతి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, నర్సమ్మ చేతికి చిన్న అద్దం ఇచ్చేవారు. అది నోటికి జానెడు దూరంలో ఉండగానే "చచ్చాన్రా దేవుడా!" అని కప్పు ఎగిరిపోయేలా కేక. ఒకసారి ఆ కేకకు హడలిపోయి బంట్రోతు ఇంటిబెల్లు కొట్టేశాడు. సగం బడి ఖాళీ అయింది.

పదకొండేళ్లుగా నర్సమ్మకు తల కొట్టేసినట్టుండేది.

"మీరే ఇలా అరిస్తే పిల్లలేం నోరు తెరుస్తారండీ?"

"ఏం చెయ్యనమ్మా, పుట్టుకతో వచ్చిన పిరికితనం!"

ఈసారి ఆమెకు ఇంకో దిగులు కూడా పట్టుకుంది. మూడో తరగతి పిల్ల ఒకతెకు దవడ వాచింది. డాక్టరుగారు రెండుసార్లు వచ్చినా నోరు విప్పలేదు. అన్నం ముట్టడం లేదని తల్లి గుమ్మం దగ్గర కళ్లొత్తుకుంటోంది. ఇంకా ఆలస్యమైతే చీము లోపలికి పాకుతుంది. అయినా ఆ పిల్ల పెదవులు బిగించి బల్ల కింద దూరింది.

డాక్టరుగారు యథాప్రకారం కేక పెట్టారు. పిల్లలంతా చుట్టూ చేరారు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు, ఒకతి వీపు నిమిరింది.

"ఏం కాదు సార్! కళ్లు మూసుకోండి!"

కేకలు ఆగితేగా! చివరికి బల్ల కింద నుంచి విసుగ్గా ఓ గొంతు వినిపించింది.

"అబ్బబ్బ! అంత పెద్దవాళ్లయ్యుండి ఏంటండీ ఆ గోల? లేవండి, నేను చూపిస్తా!"

ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని, గుహంత నోరు తెరిచింది. డాక్టరుగారి గొంతు వణుకుతూనే ఉంది గానీ చేతులు మాత్రం వణకలేదు. మత్తిచ్చి, పుచ్చిన పాలపన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టారు. పిల్ల కుర్చీ ఎక్కి పన్ను పైకెత్తి చూపింది. తరగతంతా చప్పట్లు. తల్లికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మరుసటి వారం డాక్టరుగారి జ్ఞానదంతమే మొండికేసింది. తీయడానికి స్నేహితుడైన డాక్టరుకు ముప్పావుగంట పట్టింది. చెవుల్లో దూది కుక్కుకుని సిద్ధంగా ఉన్న నర్సమ్మకు కిక్కురుమన్న శబ్దం కూడా వినిపించలేదు.

"ఒక్క కేకైనా పెట్టలేదేమండీ?"

"ఎవరి కోసం పెట్టనమ్మా? ఇక్కడ పిల్లలెవరూ లేరుగా!"

తర్వాత వెళ్లిన బడిలో నర్సమ్మ అద్దం ఎత్తి, ఆయన చెవిలో మెల్లగా అంది.

"ఇంకాస్త గట్టిగా అరవండి. వెనక బెంచీలో ఒకడు నోరు మూసుకునే ఉన్నాడు."