“అది” దగ్గర ఆగిన నవల

పక్కింటి అత్తయ్యగారు పోయారని మా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. ఏడవడానికి కూడా తీరిక లేనట్టు వెంటనే గొంతు తగ్గించి, “బొట్టు పెట్టి పంపాలా, తీసేసి పంపాలా అని ఇక్కడ తగువు పడుతున్నారే. నువ్వు తొందరగా రా” అంది. రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కి, ఆ తగువు పడేవాళ్ళ మీద మండిపడుతూ కూర్చున్నాను. మనిషి ఇక లేరన్న సంగతి రావులపాలెం దాటాక గాని నాకు తెలిసిరాలేదు.

ఆ తగువేంటో మీకు చెప్పాలి. ఆవిడ భర్త రొయ్యపిల్ల వ్యాపారం చేసేవారు. తొంభై ఆరు తుఫాను రోజున సరుకు కోసం వ్యాను వేసుకుని సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెకి వెళ్ళారు. తర్వాత వ్యాను దొరికింది, ఆయన దొరకలేదు. శవమైనా కనబడలేదు కాబట్టి అత్తయ్యగారు బొట్టు తీయలేదు. కర్మకాండ జరిపించేద్దామని పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటే, “ఆయనకి మొదట్నించీ ఆలస్యమేనండి. పెళ్ళిపీటల మీదకే ఆలస్యంగా వచ్చిన మనిషి” అని నవ్వి, కాఫీలిచ్చి పంపేసేవారు.

ఆ మరుసటి వేసవిలోనే మా వీధికి ఆ నవల వచ్చింది. అద్దె పుస్తకాల షాపులోది. ముందట్ట ఊడిపోతే షాపతను పాత క్యాలెండరు కాగితం అంటించాడు కాబట్టి దాని పేరేంటో ఎవరికీ తెలియదు. సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. సెలవులకి అమ్మమ్మగారింటికి వచ్చిన అమ్మాయి, ఇసకలో కాఫీ హోటలు నడిపే అబ్బాయి. వాళ్ళిద్దరికీ క్షణం పడదు. అమ్మమ్మేమో కావాలని మనవరాలిని రోజూ అక్కడికే ఇడ్లీలకి పంపుతుంది. ఆ పల్లెలో ఎవరికీ జ్వరం కూడా రాదు, ఎండ కూడా చల్లగానే ఉంటుంది. మా సముద్రం అలాంటిది కాదని వీధిలో అందరికీ తెలుసు, ఆవిడకి మరీ బాగా తెలుసు. అయినా ఆ పుస్తకాన్ని ఆవిడ వదల్లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ అరుగు మీద ఆడవాళ్ళంతా చేరి చింతపండు గింజలు తీసేవారు. ఆవిడ పైకి చదివేవారు. ముద్దుల దగ్గరికొచ్చేసరికి ఆవిడకి దగ్గొచ్చేది. “ఈ దగ్గుకి మందేమీ లేదాండీ?” అని మా అమ్మ ఏడిపించేది. ఎవరైనా మధ్యలో లేవబోతే, “కూర్చోండమ్మా, కథలో వాన పడుతోంది, తడిసిపోతారు” అనేవారు. గొంతు విప్పి చదవడం నాకు ఆ అరుగు మీదే వచ్చింది. ఇప్పటికీ క్లాసులో పిల్లలకి పాఠం చదివి వినిపిస్తుంటే కామా దగ్గర ఆవిడలాగే ఊపిరి తీసుకుంటాను.

ఆఖర్లో ఆ అబ్బాయి పడవ మీద వెళ్ళి, చెప్పిన రోజుకి తిరిగి రాడు. అమ్మాయి ఒడ్డున కూర్చుంటుంది. అరుగు మీద చేతులన్నీ ఆగిపోయేవి. “దూరంగా ఒక తెరచాప కనిపించింది. ఆమె లేచి నిలబడింది. అది అతని పడవే!” అని చదివేవారు ఆవిడ. ఆ తర్వాత పందిరి, పెళ్ళి, అమ్మమ్మ దెప్పిపొడుపులు. ఏటా వేసవికి మళ్ళీ అదే నవల. కాకపోతే పెళ్ళి భోజనంలో ఓ ఏడు పనసపొట్టు కూర ఉంటే, మరో ఏడు పూతరేకులుండేవి. పుస్తకం మళ్ళీ అచ్చు వేసినప్పుడు మార్చారేమో అనుకున్నాను, నా తెలివి అంతవరకే. ఒకసారి ఆవిడ భుజం మీంచి తొంగిచూశాను. పేజీ “అది” అన్న మాటతో అయిపోయింది. ఆ తర్వాతి కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, వెనకట్ట తప్ప ఇంకేమీ లేదు. నేను చూడడం ఆవిడ చూశారు. కళ్ళజోడు సర్దుకుని, ఆ అట్టనే చూస్తూ పెళ్ళి జరిపించేశారు.

కేబుల్ టీవీ వచ్చాక వినేవాళ్ళు తగ్గారు. షాపు ఎత్తేస్తూ షాపతను ఆ నవల ఆవిడకే ఇచ్చేశాడు.

కిడ్నీలు పాడై ఆవిడ రాజమండ్రి ఆస్పత్రిలో చేరినప్పుడు బట్టల సంచిలో అది కూడా వచ్చింది. కళ్ళు ఆనడం లేదని నన్ను చదవమన్నారు. బడి వదిలాక వెళ్ళి రోజూ కొంత చదివేదాన్ని. ఆఖరి పేజీకి వచ్చాను. “ఆమె లేచి నిలబడింది. అది అతని పడవే!” అన్నాను, అచ్చం ఆవిడలాగే తడబడకుండా.

“ఉన్నది చదువమ్మా.”

“ఉన్నదే చదివానండీ.”

“‘అది’ వరకే ఉంది. తర్వాతదంతా నేను కల్పించిందే కదా, నాకు తెలీదేంటి?” గోడవైపు తిరిగి పడుకున్నారు. “ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంటుంది. అంతేనమ్మా.”

అలా అనకండి అన్నాను.

ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు డాక్టర్లు. కారెక్కిస్తుంటే నవల నా చేతిలో పెట్టి, “నీ దగ్గరుంచు” అన్నారు. నుదురు బోసిగా ఉంది. బొట్టు చెమటకి ఊడిపోయిందనుకుని, నా పర్సులోంచి ఒక స్టిక్కరు తీసి పెట్టాను. ఆవిడ వద్దనలేదు. ఆపాటి ఓపిక కూడా లేదు.

నేను ఊరు చేరేసరికి ఆవిడ ఆడపడుచు అరుస్తోంది. “మా తమ్ముడు పోయి పదేళ్ళు దాటింది. ఈవిడ ముత్తైదువేంటండీ, చోద్యం కాకపోతే!”

“బతికున్నన్నాళ్ళూ ఆవిడ తీయని బొట్టు, తీయడానికి మీరెవరండీ?” అంది మా అమ్మ.

నేనూ అమ్మ పక్కనే నిలబడ్డాను. చివరికి అమ్మే నెగ్గింది. రూపాయి కాసంత కుంకుమ పెట్టి, పసుపు రాసి, పువ్వులు పెట్టి పంపించాం. ఆవిడ మాట నిలబెట్టామని ఏడుస్తూనే గర్వపడ్డాను.

రాజమండ్రి తిరిగొచ్చాక నవల తీశాను. నాకు కావలసింది ఆఖరి పేజీ ఒక్కటే. దూరంగా ఒక తెరచాప కనిపించింది. ఆమె లేచి నిలబడింది. అది. ఆ మాట పక్కనే, వాక్యం ముగిస్తూ చుక్క పెట్టినట్టు, ఆవిడ ఎప్పుడూ పెట్టుకునే మెరూన్ రంగు స్టిక్కరు బొట్టు అంటించి ఉంది.

గోరుతో అంచు లేపబోయాను. కాగితం కూడా లేచి వస్తుంటే వదిలేశాను.