రెండు చుక్కల ఫార్మలిన్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, గుంటూరులో ల్యాబు అటెండరంటే సీసాలు కడిగేవాడనే అందరి లెక్క. పదో తరగతి తప్పినా, కాలేజీ లైబ్రరీలో కెమిస్ట్రీ పుస్తకాలు సగం నమిలేసినవాణ్ని నేను. ఒక్క లెక్చరరైనా పిలిచి, ఇదిగో ఈ పని ఇందుకు అని చెప్పాడా? (ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.) వెక్కిరింతకు మాత్రం "సైంటిస్టు" అనేవారు.

మా మేడంగారు అప్పుడు పరిశోధన చేస్తున్నారు. బజ్జీల బండి మీద మరిగి మరిగి నల్లబడ్డ పత్తిగింజల నూనెలో ఆల్డిహైడ్లనే రసాయనాలు పుట్టి ప్రోటీన్లను పాడుచేస్తాయట (ఇదంతా నాకు తరవాత తెలిసింది). అలా పాడైన ప్రోటీనుకే అంటుకునే రంగొకటి బొంబాయి నుంచి తెప్పించారు. అల్ట్రావయొలెట్ దీపం కింద అది పచ్చగా వెలుగుతుంది. ఒక గొట్టంలో ఆ నూనె సోకిన కోడిగుడ్డు తెల్లసొన, ఇంకోదాంట్లో ఏమీ సోకనిది. మొదటిది వెలగాలి, రెండోది వెలగకూడదు. సోమవారం గైడుగారికి అది చూపించలేకపోతే ఆవిడ మూడేళ్ళ కష్టం అటకెక్కినట్టే.

శనివారం దీపం వేశారు. రెండూ వెలిగాయి. ఏమీ సోకనిది ఇంకాస్త ఎక్కువే వెలిగింది. మేడంగారు కుర్చీలో కూలబడి, ఇందులో ఏమైనా కలిపావా అని అడిగారు. అమ్మతోడు లేదన్నాను. అంతటితో ఊరుకోక, ఆ బొంబాయి సరుకే కల్తీదని తేల్చేశాను. రంగు కలిపేటప్పుడు మా ఇద్దరి చేతులకూ అంటింది, ఇద్దరం సబ్బుతో కడుక్కున్నాం. ఆవిడ తన చేతులు దీపం కింద పెట్టి, నన్నూ పెట్టమన్నారు. ఆవిడ వేళ్ళు మామూలుగానే ఉన్నాయి. నా వేళ్ళు గోళ్ళతో సహా పచ్చగా మెరిసిపోతున్నాయి.

"ఏమయ్యా సైంటిస్టూ, ఫార్మలిన్ ముట్టుకున్నావా?"

"మొన్న కరెంటు పోయి ఫ్రిజ్జు ఆగిపోయిందండి. కుళ్ళిపోతుందని మంచి గొట్టంలో రెండు చుక్కలు వేశానండి, మ్యూజియంలో కప్పలకు వేస్తాం గదండీ. నూనె గొట్టం ఎలాగూ పాడైందేనని వదిలేశా."

"ఆ ఫార్మలిన్ కూడా ఆల్డిహైడే గదయ్యా. గుడ్డు ప్రోటీనునూ, నీ వేళ్ళ చర్మాన్నీ అదే పాడుచేసింది."

ఆ ముక్క నాకు కంఠతా వచ్చు! పేజీలో ఏ మూల ఉందో కూడా చెప్పగలను.

మిగిలిన చిటికెడు రంగుతో, కొత్త గుడ్డుతో, ఆదివారమంతా మళ్ళీ చేశాం. సోమవారం గైడుగారు దీపం వేస్తే నూనె గొట్టం వెలిగింది, మంచి గొట్టం చీకటిగా ఉండిపోయింది. ఆయన తలూపి సంతకం పెట్టారు. అప్పుడు మేడంగారు నా వైపు తిరిగి, "నన్నొక్క మాట అడగొచ్చు గదయ్యా" అన్నారు.

ఎవరూ చెప్పలేదని ఇన్నేళ్ళూ అందరినీ తిట్టుకుంటూనే ఉన్నాను. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని నోరు మూసుకున్నది మాత్రం నేనే. పాపం, ఎంత పౌరుషమో ఆ కుర్రవాడికి.